ఆపరేషన్ అయిన ఆడమనిషి ఎవరి లెక్కలో ఉంది?

మా వి.కోటకు మందుల చీటీలు మూడు రాష్ట్రాల నుంచి వస్తాయి. కుప్పం, పలమనేరు సరే. నాయకనేరి కొండ దిగితే పేర్ణాంబట్టు, వేలూరు. ఇటు తిరిగితే కేజీఎఫ్, కోలారు, బెంగళూరు. ఎక్కడ చూపించుకున్నా మందులు కొనేది మాత్రం ఊరికొచ్చి బస్సు దిగాకే. ఇక్కడ మొహం తెలిసినవాళ్లు ఉంటారు. డబ్బు చాలకపోతే సగం మాత్రలు ఇప్పుడు, సగం తర్వాత తీసుకోవచ్చు. డాక్టరుకు ఆ రోజు చెప్పిన రోగమే తెలుస్తుంది. మెడికల్ షాపు నడిపే నాలాంటిదానికి ఒక ఆడమనిషి ఒంటి చరిత్ర మొత్తం చీటీల వరసలోనే తెలిసిపోతుంది.

ఆ వరస నాకు కంఠతా వచ్చేసింది. మొదటి చీటీ పెళ్లికి ముందుది. ఐరన్ మాత్రలు, నులిపురుగుల మాత్ర, ముట్టునొప్పికి నాలుగు మాత్రలు. తర్వాత కాన్పుల చీటీలు, ఫోలిక్ యాసిడ్, క్యాల్షియం. రెండో కాన్పు అయిన వారంలో యాంటీబయాటిక్, నొప్పి మాత్రలు, కట్టు మార్చే దూది వస్తే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా అయిపోయిందని లెక్క. అప్పటికి ఆమెకు ఇరవై మూడో, ఇరవై నాలుగో. ఆ తర్వాత కొన్నేళ్లు ఆమె పేరు మీద చీటీయే ఉండదు. పిల్లల జ్వరానికి సిరప్పు, మొగుడికి గ్యాస్ మాత్ర, అత్తకు బీపీ మాత్ర కొనుక్కుపోతుంది. ఇరవై ఎనిమిది, ముప్పై వచ్చేసరికి తెల్లబట్టకు మందు. కొన్నాళ్లకు రక్తం ఆగడానికి ట్రానెక్సామిక్ యాసిడ్. ఆపైన ఒక స్కానింగ్ రిపోర్టు. నలభై చాలా దూరంలో ఉండగానే గర్భసంచి తీసేసిన చీటీ. దాని వెంబడే మళ్లీ క్యాల్షియం, మోకాళ్ల నొప్పులకు జెల్లు, నిద్ర మాత్ర. అత్తకు బీపీ మాత్ర కొన్న మనిషే ఇప్పుడు తనకూ కొనుక్కుంటుంది. ఊరు మారుతుంది, కులం మారుతుంది, ఈ వరస మారదు.

నా షాపు ఒక్కటే చూసి మాట్లాడుతున్నానని అనుకునేవాళ్లు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత, 2019–21 నాటిది, తిరగేయండి. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఉన్న పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి దాదాపు 70 మంది పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. దేశం మొత్తం మీద అది 38. మగవాళ్ల వేసెక్టమీ నూటికి ఒకటి కూడా లేదు. మాత్రలు, కాపర్-టీ, వీటిలో దేని లెక్కా ఒకటికి చేరదు. ఇక గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో నూటికి ముగ్గురైతే మన దగ్గర దాదాపు తొమ్మిది మంది. దేశంలో ముందు వరసలో ఉన్నాం. ఆ సర్వే అడిగింది 49 ఏళ్లలోపు వాళ్లనే. అంటే ఇవన్నీ ముసలితనంలో గర్భసంచి జారి తీసినవి కావు. ఇంకా ముట్లుడగాల్సిన వయసు రానివాళ్లవే ఎక్కువ.

ఈ రెండు లెక్కల్నీ విడివిడిగా చూస్తారు, ఒకటి కుటుంబ సంక్షేమ శాఖ ఘనతగా, రెండోది ప్రైవేటు ఆస్పత్రుల కక్కుర్తిగా. కౌంటర్ వెనక నుంచి చూస్తే అవి ఒకే దారికి రెండు కొసలు. మొదటి ఆపరేషన్‌కూ రెండో ఆపరేషన్‌కూ మధ్య ఉన్న పదీ పన్నెండేళ్లలో ఆ మనిషిని పట్టించుకునే బాధ్యత ఎవరికీ లేదు. నేను చెప్పదలచుకున్నది అదే.

పెళ్లయిన కొత్తలో ఆశా కార్యకర్త ఇంటికి వస్తుంది. నెల తప్పితే మళ్లీ మళ్లీ వస్తుంది. రక్తపరీక్ష, టీటీ సూది, స్కానింగు, కాన్పుకు బండి, తిరిగి రావడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్, బిడ్డకు టీకాలు. అన్నిటికీ రిజిస్టరులో గళ్లున్నాయి, అన్నిటికీ పై నుంచి ఫోన్లు వస్తాయి. రెండో బిడ్డ తర్వాత ఆపరేషన్ అయిందని రాసుకుని, ఆ బిడ్డ టీకాలు కూడా పూర్తయ్యాక ఆ గడప తొక్కడానికి పనేముంది? ఆశాలను, ఏఎన్ఎంలను నేను తప్పు పట్టడం లేదు. వాళ్ల జీతాలూ పనిభారమూ నాకు తెలుసు. పై వాళ్లు అడిగే లెక్కలే అవి. బిడ్డను మోస్తున్నంత కాలం, మోసే అవకాశం ఉన్నంత కాలం ఆడమనిషి సర్కారుకు కనిపిస్తుంది. ఆ తర్వాత ఆమెకొచ్చే తెల్లబట్ట, రక్తస్రావం, మంట, నొప్పి ఇవన్నీ ఆమె సొంత వ్యవహారాలు.

అలా సొంత వ్యవహారాలైనవి నా కౌంటర్ దగ్గరికి వస్తాయి. వచ్చే తీరు కూడా చెప్పాలి. మగవాళ్లెవరైనా నిలబడి ఉంటే ముందు ఒక జండూబామ్ అడుగుతారు. చిల్లర కోసం వెతుకుతారు. ఆ మగమనిషి కదిలాక గొంతు తగ్గించి, "అక్కా, బట్ట పోతా ఉండాది. ఏందన్నా మాత్రుంటే ఇయ్యక్కా" అంటారు. ఎన్నాళ్లుగా అంటే "చానా దినాలుగా". దురద ఉందా, వాసన ఉందా, రంగేమిటి అని అడిగితే సిగ్గుతో నేల చూస్తారు. ఆడవాళ్లకు నెల మధ్యలో కొంచెం తెల్లగా, జిగటగా పోవడం మామూలే, దానికి మందు అక్కర్లేదని చెప్తే నమ్మరు. తెల్లబట్ట పోతే ఎముకలు కరిగిపోతాయని, ఒంట్లో బలమంతా పోతుందని చిన్నప్పటి నుంచి విని ఉంటారు. పైగా నీరసం నిజంగానే ఉంటుంది. రాష్ట్రంలో ఆడవాళ్లలో నూటికి 59 మందికి రక్తం తక్కువని అదే సర్వే చెప్పింది. నీరసం రక్తం లేక, నింద తెల్లబట్ట మీద.

నిజంగా ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లూ ఉంటారు. దానికి ప్రభుత్వాసుపత్రిలో పచ్చరంగు కిట్ ఒకటి ఉంది. సుఖవ్యాధుల కార్యక్రమంలో ఒక్కో లక్షణానికి ఒక్కో రంగు పెట్టారు, తెల్లబట్టకు పచ్చ, పొత్తికడుపు నొప్పికి పసుపు. ఉచితం. మంచి ఏర్పాటు. కానీ అది ఇచ్చే చోటుకు సురక్ష క్లినిక్ అని పేరు, హెచ్ఐవీ పోస్టర్ల మధ్య కూర్చోవాలి. అక్కడికి పోయిందని ఊళ్లో తెలిస్తే ఏమంటారో అని పోరు. కొన్ని ఇన్ఫెక్షన్లకు మొగుడు కూడా మాత్ర మింగాలి. లేకపోతే ఈమెకు తగ్గుతుంది, నెల తిరక్కుండా మళ్లీ వస్తుంది. "ఆయనకు చెప్పలేనక్కా. నన్నే అనుమానిస్తాడు." ఇంక ఏం చేసేది? ఆమె ఒక్కతే మింగుతుంది. మళ్లీ వస్తుంది. మూడోసారి వచ్చేసరికి ఆమె మనసులో గర్భసంచే చెడిపోయింది.

కలయికప్పుడు మంట, నొప్పి అనే మాట పగలు ఎవరూ చెప్పరు. అది షట్టర్ సగం దించాక వచ్చే మాట. దానికి వైద్యం ఉందని, అడగొచ్చని కూడా వాళ్లకు తెలియదు.

మా పక్క పొలం పనుల గురించి తెలియకుండా ఈ రోగాల సంగతి అర్థం కాదు. మల్బరీ తోట ఉన్న ఇంట్లో ముట్టయిన ఆడది పట్టుపురుగుల షెడ్డులోకి పోకూడదంటారు. పోతే పురుగుకు రోగం తగుల్తుందట. ఇది శాస్త్రమా అని వాదించి లాభం లేదు, నష్టపోయిన పంట ఎప్పుడూ ఎవరో ఒక ఆడదాని ఖాతాలోనే పడుతుంది. పురుగు నాలుగోసారి కుబుసం విడిచాక, అంటే నాలుగో జ్వరం లేచాక, తిండి మామూలుగా ఉండదు. బతుకు మొత్తం మీద అది తినే ఆకులో నూటికి ఎనభై పాళ్లకు పైగా ఆ ఆఖరి వారంలోనే. తెల్లవారుజామున ఆకు కోయాలి, రాత్రి కూడా మేత వేయాలి, గూళ్లు కట్టడానికి చంద్రికల మీదికి ఎక్కించాలి. ఆ వారంలో ఇంటావిడ నాలుగు రోజులు బయట కూర్చుంటే కూలికి మనిషిని పెట్టాలి. ఆ కూలి డబ్బు ఇంట్లో ఎవరు లెక్కేస్తారో చెప్పనక్కర్లేదు. టమోటా కోతల్లో, ఆవుల దగ్గర కూడా ఇదే లెక్క. ఆడమనిషి ముట్టు ఇక్కడ పనిదినాల నష్టం కింద జమ. అలాంటి ఇంట్లో "తీసేస్తే పీడా పోతుంది" అని ఎవరన్నా అంటే అది రోగం గురించిన మాట ఒక్కటే అనుకోకండి.

డేటు వెనక్కు తోసే మాత్ర కూడా ఇందులో భాగమే. తిరుమల టిక్కెట్టు దొరికిందని, బోయకొండకు మొక్కు ఉందని, కుప్పం గంగమ్మ జాతరకు ఆడబిడ్డ వస్తోందని, గృహప్రవేశమని నారెథిస్టిరాన్ అడుగుతారు. చీటీ తెమ్మంటే పక్క షాపుకు పోతారు. డాక్టరు చెప్పి ఎప్పుడో ఒకసారి వాడితే చాలామందికి ఏమీ కాదు. కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు మాత్రం తాకకూడదు. చిక్కేమిటంటే ఒక ఏడాదిలో ఇంటింటి పండగకూ వాడితే నెలసరి తేదీలు గందరగోళమవుతాయి. మాత్ర ఆపాక అయ్యేది ఒక్కోసారి ఎక్కువగా అవుతుంది. భయపడి స్కానింగుకు పోతారు. ఒక మాట పక్కకుపోయి చెప్తాను. మా ఊళ్ల నుంచే ఎర్రచీరలు కట్టుకుని ఓం శక్తి మాల వేసి మేల్‌మరువత్తూరు పోయే ఆడవాళ్లున్నారు. అక్కడ ముట్టు ఉన్నా గుళ్లోకి పోవచ్చు, బంగారు అడిగళార్ పెట్టిన పద్ధతి అది. ఆ యాత్రకు ఈ మాత్ర ఎవరూ అడగరు. అదే ఆడవాళ్లు తిరుమలకు పోయేటప్పుడు అడుగుతారు.

స్కానింగు దగ్గరే కథ మలుపు తిరుగుతుంది. రిపోర్టూ, డాక్టరు రాసిన చీటీ తెచ్చి నా చేతిలో పెట్టి "ఏముండాదో చెప్పక్కా" అంటారు. నేను డాక్టర్ని కాను, డి.ఫార్మసీ చదివినదాన్ని. అయినా ఆ కాగితాల మీద తరచూ కనిపించే మాటలు తెలుసు. "బల్కీ యూటెరస్" అని రాస్తారు. ఇద్దరు బిడ్డల్ని మోసిన గర్భసంచి కొంచెం పెద్దగా ఉండకపోతే ఎట్లా? "సర్విక్స్ ఎరోషన్" అని రాస్తారు, దాన్ని ఇంటికొచ్చేసరికి "పుండు" అని చెప్పుకుంటారు. వయసులో ఉన్న చాలామందిలో అది మామూలు మార్పే. "ఫైబ్రాయిడ్" అని రాస్తారు, అంటే గడ్డ. గడ్డ అనగానే క్యాన్సరే. ఫైబ్రాయిడ్ క్యాన్సర్‌గా మారడం చాలా చాలా అరుదని, ముట్లుడిగాక చాలా గడ్డలు వాటంతటవే కుంచించుకుపోతాయని చెప్పేవాళ్లు లేరు. "ఇప్పుడు తీసేయకపోతే ముందు ముందు క్యాన్సర్ కావచ్చు" అన్న ఒక్క వాక్యం చాలు, ఆ ఇల్లు ఆవును అమ్మడానికి సిద్ధపడుతుంది. వేరే ఊళ్లో, పేరు చెప్పను, ఒక నర్సింగ్ హోమ్‌లో ఆ వాక్యం విని వచ్చిన మా దగ్గరి చుట్టం ఒకావిడ ముప్పై రెండేళ్లకే తీయించేసుకుంది. తీసిన దాన్ని పరీక్షకు పంపిన రిపోర్టు నేను చదివాను. క్యాన్సర్ ఛాయలే లేవు.

నిజంగా క్యాన్సర్ గురించి అంత భయముంటే చేయాల్సిన పని తేలిక. గర్భాశయ ముఖద్వారానికి పలచటి వెనిగర్ లాంటి ద్రవం పూసి ఒక నిమిషం ఆగి చూస్తారు. తేడా ఉన్నచోట తెల్లబడుతుంది. యంత్రం అక్కర్లేదు, శిక్షణ ఇస్తే ఏఎన్ఎం కూడా చేయొచ్చు. ముంబయిలో టాటా మెమోరియల్ ఆస్పత్రి డాక్టర్ సురేంద్ర శాస్త్రి బృందం మురికివాడల్లో లక్షన్నర మంది ఆడవాళ్లతో ఏళ్ల తరబడి చేసిన పరిశీలనలో, రెండేళ్లకోసారి ఆరోగ్య కార్యకర్తలు ఈ పరీక్ష చేసినచోట ఆ క్యాన్సర్ చావులు 31 శాతం తగ్గాయని 2013లో తేలింది. ముప్పై దాటిన ప్రతి ఆడమనిషికీ ఈ పరీక్ష చేయాలని కేంద్ర ప్రభుత్వ కార్యక్రమమే ఉంది. ఆ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి మన రాష్ట్రంలో ఎప్పుడైనా ఒక్కసారి చేయించుకున్నవాళ్లు నూటికి ఐదుగురు కూడా లేరు. పరీక్ష చేయించుకున్నవాళ్లకంటే గర్భసంచి తీయించేసుకున్నవాళ్లు ఎక్కువ! క్యాన్సర్ భయం ఎవరికి పనికొస్తోందో ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టుకుంటే తెలుస్తుంది.

తీసేయాల్సిన కేసులు లేవనడం లేదు. మా అత్తకు గర్భసంచి జారి, కూర్చోలేక, నిలబడలేక నానా అవస్థ పడింది. తీసేశాకే మళ్లీ మనిషైంది. క్యాన్సర్ ఉంటే, ఏ మందుకూ లొంగని రక్తస్రావం ఉంటే తీయాల్సిందే. నా తగువు మొదటి వైద్యంగా తీసేయడం మీద. రక్తం ఎక్కువ పోతుంటే ట్రానెక్సామిక్ యాసిడ్ ఉంది, హార్మోన్ మాత్రలున్నాయి, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ ఉంది. ఆ లూప్ అయిదేళ్లూ అంతకు పైనా పనిచేస్తుంది, చాలామందికి ఆపరేషన్ తప్పిస్తుంది. ధర కొన్ని వేల రూపాయలు. ఆపరేషన్ ఖర్చుతో పోలిస్తే ఏ మూలకు? అయినా మా కౌంటర్ మీదికి దాని చీటీ రావడం ఎంత అరుదో చెప్పలేను.

తీసేశాక ఏమవుతుందో ముందు ఎవరూ చెప్పరు. అండాశయాలు కూడా తీసేస్తే మర్నాటి నుంచే ముట్లుడిగిన ఆడదాని ఒళ్లు. ఒంట్లోంచి ఆవిర్లు, ఎముకల పలచదనం, గుండెజబ్బు ముప్పు. వాటిని ఉంచినా మామూలుకంటే కొన్నేళ్లు ముందే ఆ దశ రావచ్చు. ముప్పై నాలుగేళ్ల మనిషి నడిరాత్రి చెమటలతో లేచి కూర్చుని, గాలి సోకిందేమోనని తాయెత్తు కట్టించుకుంటే నవ్వుకునేవాళ్లే గాని, అది హార్మోన్ల లోటని చెప్పేవాళ్లు ఆమెకు దొరకరు. యోని పొడిబారి కలయిక నరకమవుతుంది. మొగుడి విసుగు, ఈమె మౌనం. ఇదీ లైంగిక ఆరోగ్యమే. దీనికి క్రీములున్నాయి, నేను అమ్ముతాను, కాని అడగడానికి రావాలి కదా.

ట్యూబులు ముడేయడం వల్లే గర్భసంచి చెడిపోయిందని చాలామంది అంటారు. అది నిజం కాదు. అమెరికాలో ఆపరేషన్ చేయించుకున్న తొమ్మిది వేలమందికి పైగా ఆడవాళ్లను ఏళ్ల తరబడి గమనించి, నెలసరి తేడాలు దాని వల్ల రావడం లేదని 2000లో తేల్చారు. చెడేది వేరే. ఇరవై నాలుగేళ్లకే పిల్లల పని ముగిసిందని తేల్చేశాక ఆ అవయవం అందరి కళ్లకూ దండగైపోతుంది. డాక్టరంటాడు, అత్తంటుంది, చివరికి ఆమే అంటుంది: "ఇంగ దాంతో పనేముండాది?" ఈ ప్రశ్న ఎంత మామూలుగా అడుగుతారంటే, పాత ఇంట్లో వాడని గదిని గురించి అడిగినట్టుంటుంది. మగవాడికి పిల్లలు చాలనుకున్నాక ఏదీ తీసేయమని ఎవరూ అనరు. పది పదిహేను నిమిషాల్లో అయ్యే కోతకుట్లు లేని వేసెక్టమీకే మా ఊళ్లో మనిషి దొరకడు. "బరువు ఎత్తలేడు" అంటారు. ఆకుమోపులు, పాల క్యాన్లు మోసేది ఎవరో మరి!

రెండో కాన్పుతోనే ముగించే తొందర ఎందుకో కూడా తెలుసు. నూటికి 42 కాన్పులు కోతతోనే అవుతున్నాయని ఆ సర్వేలో తేలిన రాష్ట్రం మనది. కడుపు కోసినప్పుడే ఆ పని కూడా కానిచ్చేద్దామంటారు. మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్, వారానికి వేసుకునే ఛాయ మాత్ర 2017 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. ఛాయ లక్నోలో మన శాస్త్రవేత్తలు తయారు చేసిందే, హార్మోన్ లేనిది. ఇరవై మూడేళ్ల తల్లికి ఇవన్నీ చూపించి, తీరిగ్గా ఆలోచించుకోమంటే ఎంతమంది కత్తి కిందికి పోతారు? ఆ తీరిక మనం ఇవ్వలేదు, ఎందుకంటే టార్గెట్లు పూర్తి కావాలి.

టార్గెట్ల కాలం ఇప్పుడు తిరగబడింది. ఇద్దరికి మించి కంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని 1994 చట్టంలో పెట్టాం. 1997లో, చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగా ఉండగా, రాష్ట్రం సొంత జనాభా విధానం ప్రకటించింది. సంతానం రేటు 1.7కు దిగాక, అదే ముఖ్యమంత్రి, మా పక్కనున్న కుప్పం ఎమ్మెల్యే, 2024 అక్టోబరులో ఎక్కువమందిని కనండి అన్నారు. నవంబరులో శాసనసభ ఆ ఇద్దరు పిల్లల నిబంధన ఎత్తేసింది. ఎత్తేయడం మంచిదే. పిల్లల లెక్క చూసి సర్పంచ్ పదవి ఇవ్వడం మొదటి నుంచీ తప్పే. దాని దెబ్బ ఎక్కువ తగిలింది ఆడవాళ్లకే. కానీ ఆ వార్త పేపర్లో వచ్చిన నాడు షాపులో ఒకావిడ అడిగింది గుర్తుంది: "ముగ్గుర్ని కనమంటా ఉండారు గదక్కా, మా ముడి ఎవురు విప్పుతారు?" నవ్వాం అందరం. నవ్వే మాటే గాని, దాంట్లో లెక్క కరెక్టుగా ఉంది. నూటికి 70 మందికి ముడి పడిపోయింది. కొందరికి అసలు సంచే లేదు. తక్కువ కనమన్నప్పుడూ, ఎక్కువ కనమన్నప్పుడూ మాట్లాడింది ఆమె కడుపులో పడే బిడ్డ గురించే. ఆమె ఒంటి గురించి కాదు.

అనవసరంగా గర్భసంచి తీసేసే విషయం కోర్టుల దాకా పోయింది. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో చెరకు కోతకు పోయే కూలీ ఆడవాళ్లను 82 వేలమందిని అడిగితే 13 వేలమందికి పైగా గర్భసంచి తీయించుకున్నవాళ్లేనని 2019లో బయటపడింది. ముట్టు వస్తే పనికి రాలేరు, పనికి రాకపోతే మేస్త్రీ జరిమానా. మా పట్టుపురుగుల షెడ్డు లెక్కే, పెద్ద ఎత్తున. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో అనవసర ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన కేసులో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పిచ్చింది. కేంద్రం రాసిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలు చేయాలంది. నలభై ఏళ్లలోపు ఆడవాళ్లకు గర్భసంచి తీస్తే కారణం ఆరోగ్య శాఖకు చెప్పాలి, జిల్లాలో కమిటీ ఉండాలి. ఆ కేసులో మన రాష్ట్రం పేరు లేదు. అయినా మనకు ఈ సంగతి కొత్త కాదు. ఉమ్మడి రాష్ట్రంలోనే మెదక్ పల్లెల్లో తిరిగి, చిన్న వయసులో గర్భసంచి పోగొట్టుకున్న ఆడవాళ్ల పరిస్థితిని డాక్టర్ ఎస్.వి. కామేశ్వరి, డాక్టర్ వింజమూరి ప్రకాశ్ బయటపెట్టారు. ఆరోగ్యశ్రీ కింద ఈ ఆపరేషన్లు ఎక్కువైపోయాయని గొడవైతే దాన్ని ప్రభుత్వాసుపత్రులకే పరిమితం చేశారు కూడా. డబ్బులు కట్టి బయట చేయించుకునేదానికి మాత్రం అడ్డు లేదు.

సుప్రీంకోర్టు ఉండాలన్న ఆ జిల్లా కమిటీ ఉందో లేదో నాకు చెప్పనక్కర్లేదు. వి.కోట, బైరెడ్డిపల్లె, రామకుప్పం, శాంతిపురం మండలాల్లో గడిచిన అయిదేళ్లలో నలభై లోపు ఆడవాళ్లకు ఎన్ని గర్భసంచులు తీశారు, ఎందుకు తీశారు, ముందు ఏ మందు వాడి చూశారు, ఈ లెక్కను మండల ఆఫీసు బోర్డు మీద పెడితే చాలు. ఆ లెక్క ఎదురుగా కనబడితే చేసేవాళ్లు కొంచెం ఆలోచిస్తారు, చేయించుకునేవాళ్లు ఇంకో డాక్టర్ని అడుగుతారు.

అంతకంటే ముఖ్యమైంది ఇంకోటి. 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేకంగా పరీక్షలు చేస్తారు. డాక్టరు ఉంటుంది, రక్తం చూస్తారు, ఆశాలు వెంటబెట్టుకుని తీసుకొస్తారు. దాని వల్ల ఎంత మేలు జరిగిందో మాకు కళ్లముందే కనిపిస్తోంది. కాన్పులు అయిపోయినవాళ్లకు కూడా నెలకు అలాంటి రోజు ఒకటి పెట్టండి. ఒక ఆడ డాక్టరు, తలుపు మూసుకునే గది, రక్తపరీక్ష, ఆ వెనిగర్ పరీక్ష, పచ్చ కిట్టూ పసుపు కిట్టూ, హార్మోన్ లూప్ ఉచితంగా. ఆశా రిజిస్టరులో ముప్పై నుంచి యాభై ఏళ్ల ఆడవాళ్లకు ఒక గడి. మొగుళ్లను కూడా పిలిచి మాత్ర అక్కడే మింగించండి. హెచ్ఐవీ పోస్టర్లు ఆ గదిలో వద్దు. తేదీ మీ ఇష్టం, సంతరోజు మాత్రం పెట్టకండి. ఆ రోజు ఆడవాళ్లకు తీరిక ఉండదు.